ఓడ క్యోటో దాకా వెళ్ళదు: జపాన్ క్రూజ్‌లో ఒక రేవు రోజు లెక్క

కోవిడ్ వల్ల మూతబడిన జపాన్ రేవులు విదేశీ క్రూజ్ ఓడలకు 2023 మార్చిలో మళ్ళీ తెరుచుకున్నాయి. చెర్రీ పూల రోజుల్లోనో, ఆకులు ఎర్రబడే శరత్కాలంలోనో టోక్యో పక్కనున్న యోకొహామాలో ఓడ ఎక్కి ఓ పది రోజులు తిరిగి రావాలనుకునేవాళ్ళలో ఇప్పుడు మనవాళ్ళు కూడా ఉన్నారు. ముఖ్యంగా అమెరికాలో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు అమ్మానాన్నలతో జపాన్ వెళ్ళాలనుకున్నప్పుడు క్రూజ్ వైపు మొగ్గడానికి కారణాలున్నాయి. రోజూ పెట్టెలు సర్దక్కర్లేదు, హోటళ్ళు మారక్కర్లేదు, పెద్దవాళ్ళకు ఓపిక లేని రోజున ఓడలోనే హాయిగా ఉండిపోవచ్చు.

అసలు టెన్షన్ టికెట్ కొన్నాక మొదలవుతుంది. ఉదయం 8కి వచ్చి సాయంత్రం 5కి వెళ్ళిపోయే ఓడ దిగి క్యోటో చూసి రాగలమా? ఓడ కంపెనీ అమ్మే టూర్ కొనాలా, రైలెక్కి మనమే వెళ్ళాలా? ఆలస్యమైతే ఓడ ఆగుతుందా? ఒకసారి వీసా తీసుకుంటే సరిపోతుందా? ఇవి వేర్వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి కానీ చాలావాటి మూలం ఒక్కటే. ఒడ్డు మీద మన చేతికి నిజంగా వచ్చే సమయం ఎంత, అందులో దారి తినేసేది ఎంత? ఆ లెక్క తేలితే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి.

షోర్ ఎక్స్‌కర్షన్ అంటే ఓడ రేవులో ఆగిన రోజున దిగి, ఊరు చూసి, ఓడ కదిలేలోపు తిరిగి రావడం. దాన్ని ఓడ కంపెనీ దగ్గరే కొనుక్కోవచ్చు. బయట ఒక గైడ్‌నో టాక్సీనో ముందే మాట్లాడుకోవచ్చు. రేవు నుంచి ఊళ్ళోకి తిరిగే షటిల్ బస్సెక్కి మనంతట మనం తిరగొచ్చు. ఏ పద్ధతిలో వెళ్ళినా గడియారం మాత్రం ఒకటే.

బ్రోషర్‌లో పేరు ఒకటి, ఓడ ఆగే చోటు ఇంకొకటి

బ్రోషర్‌లో 'టోక్యో', 'క్యోటో', 'ఫుజి పర్వతం' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పక్కనే చిన్నగా యోకొహామా, కోబె, షిమిజు అని ఉంటుంది. ఓడ ఆగేది ఆ చిన్న అక్షరాల ఊళ్ళోనే. రేణిగుంటలో రైలు దిగినవాళ్ళు తిరుమల వచ్చేశాం అనుకోనట్టే, కోబెలో ఓడ దిగి క్యోటో వచ్చేశాం అనుకోకూడదు. అక్కడి నుంచి ఇంకా ప్రయాణం ఉంది.

ఇందులో మోసం లేదు. క్యోటో నగరానికి సముద్రమే లేదు. అదే పేరున్న ప్రిఫెక్చర్‌లో (మన జిల్లా లాంటి పాలనా విభాగం) ఉత్తర కొసన, జపాన్ సముద్ర తీరంలో మైజురు అనే రేవుంది. కొన్ని ఓడలు అక్కడ ఆగి దాన్నే క్యోటో అని రాస్తాయి. పాలనాపరంగా తప్పు కాదు. కానీ అక్కడి నుంచి క్యోటో గుళ్ళకు వెళ్ళాలంటే కొండలు దాటుకుంటూ గంటన్నరకు పైగా ప్రయాణించాలి. కోబె, ఒసాకా రేవుల నుంచి వెళ్ళడమే దానికన్నా తేలిక.

టోక్యో సంగతి వేరు. అక్కడ సముద్రం ఉంది, వంతెనలే అడ్డం. యోకొహామా నడిబొడ్డున ఓసాన్‌బాషి అనే అందమైన రేవుంది, దిగి నడుచుకుంటూ ఊళ్ళోకి వెళ్ళిపోవచ్చు. అయితే అక్కడికి చేరాలంటే బే బ్రిడ్జి కింద నుంచి రావాలి. వంతెనకూ నీటికీ మధ్య ఎత్తు సుమారు 55 మీటర్లు. ఇప్పటి భారీ ఓడలు అందులో పట్టవు. అవి వంతెనకు ఇవతలే ఉన్న దైకొకు రేవులో ఆగుతాయి. అది సరుకు రవాణా ప్రాంతం కావడంతో కాలినడకన బయటికి వచ్చే వీలుండదు, షటిల్ బస్సు ఎక్కాల్సిందే. టోక్యోలో రెయిన్‌బో బ్రిడ్జిదీ ఇదే కథ. అందుకే 2020లో కట్టిన కొత్త టెర్మినల్‌ను వంతెనకు బయటివైపు పెట్టారు.

కాబట్టి ఒకే ఊరి పేరున్న రెండు క్రూజ్‌ల్లో ఒకదానిలో దిగగానే నడిచి వెళ్ళే రేవు, ఇంకొకదానిలో బస్సు కోసం వరసలో నిలబడే రేవు రావచ్చు. ఊరి పేరుతో పాటు టెర్మినల్ పేరు కూడా అడగాలి. చాలామంది వదిలేసే ప్రశ్న ఇదే. ఉత్తర జపాన్‌లోని హకోదతేలో వకమాత్సు రేవులో దిగితే రైల్వే స్టేషనూ ఉదయపు చేపల బజారూ నడక దూరంలోనే ఉంటాయి. అదే హకోదతేలో ఇంకో రేవులో దిగితే బస్సు తప్పదు.

తొమ్మిది గంటలు ఎక్కడికి పోతాయి

ఓడ ఉదయం 8కి వచ్చి సాయంత్రం 5కి బయల్దేరుతుందనుకుందాం. కాగితం మీద తొమ్మిది గంటలు.

ఓడ రేవుకు తాడు కట్టిన వెంటనే దిగనివ్వరు. స్థానిక అధికారుల అనుమతి రావాలి, మెట్ల వంతెన వేయాలి. ముందు ఓడ టూర్ల గుంపులను దింపుతారు. సొంతంగా వెళ్ళేవాళ్ళు రేవు దాటి రోడ్డు మీద పడేసరికి 9 అవుతుంది. ఆ రేవే జపాన్‌లోకి మొదటి ప్రవేశమైతే ఇంకా ఆలస్యం. పదహారేళ్ళు నిండిన విదేశీయులు దాదాపు అందరూ వేలిముద్రలూ ఫోటో ఇచ్చి ఇమిగ్రేషన్ దాటాలి. మూడు వేల మంది ఒకేసారి వస్తే గంట, గంటన్నర వరసలోనే పోతుంది. క్రూజ్ మధ్యలో కొరియాలోని బుసాన్‌కు వెళ్ళి వస్తే ఆ తర్వాతి జపాన్ రేవులో ఇదంతా మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే బుసాన్ తర్వాతి రోజున దూరప్రయాణం పెట్టుకోకపోవడం మేలు.

సాయంత్రం వైపు చూస్తే, ఓడ 5కి కదులుతుందంటే మనం 5కి రావాలని కాదు. అందరూ లోపల ఉండాల్సిన 'ఆల్ అబోర్డ్' వేళ దానికి అరగంట, ఒక్కోసారి గంట ముందుంటుంది. సొంతంగా వెళ్ళేవాళ్ళు దానికీ ఒక గంట ముందే రేవు చేరేలా చూసుకోవాలి. అంటే రేవుకు తిరిగి వచ్చే వేళ మూడున్నర. తొమ్మిది గంటలు కాస్తా ఆరున్నర అయ్యాయి. ఇందులోంచి రానూపోనూ ప్రయాణం, భోజనం తీసేస్తే మిగిలేదే చూసే సమయం.

ఇంకో చిన్న తిరకాసు ఉంది. జపాన్, కొరియాల్లో ఒకే సమయం. తైవాన్ వీటికన్నా ఒక గంట వెనక. తైవాన్‌లోని కీలుంగ్ కూడా ఉన్న క్రూజ్‌లో ఓడ గడియారాన్ని ఎప్పుడు మారుస్తున్నారో గమనించాలి. ఫోన్ దానంతట అదే ఒడ్డు సమయానికి మారిపోతుంది కానీ, ఓడ మాత్రం ఓడ సమయానికే కదులుతుంది.

నాగసాకి: రేవే ఊరైన చోట

లెక్క మనకు అనుకూలంగా ఉండే రేవు చూడాలంటే నాగసాకిని మించింది లేదు. మాత్సుగాయె రేవులో ఓడ ఆగుతుంది, దిగితే ఊళ్ళోనే ఉంటాం. ఇంకా డెక్ మీద ఉండగానే నీటికి అవతల మిత్సుబిషి షిప్‌యార్డులో ఆకుపచ్చని పాత క్రేన్ ఒకటి కనిపిస్తుంది. 1909లో నిలబెట్టినది, ఇప్పటికీ పని చేస్తోంది, 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కోవిడ్ మొదట్లో యోకొహామాలో క్వారంటైన్‌తో వార్తల్లోకెక్కిన డైమండ్ ప్రిన్సెస్ ఓడను 2004లో పూర్తి చేసింది కూడా ఈ ఊరి షిప్‌యార్డులోనే.

ఇక్కడ రోజును ఎలా పేర్చుకోవాలి? దూరంగా ఉన్నది ముందు, దగ్గర ఉన్నది చివర. ఈ ఒక్క సూత్రం చాలు. తొమ్మిదింటికి బయటపడితే దగ్గర్లోనే ట్రామ్ ఎక్కి, చైనాటౌన్ దగ్గర మారి, ఉత్తరాన ఉరకామి వైపు వెళ్ళాలి. మార్పుతో కలిపి ముప్పావు గంట అనుకుందాం. పావు తక్కువ పదికి అణుబాంబు మ్యూజియం దగ్గర ఉంటాం.

1945 ఆగస్టు 9 ఉదయం 11 గంటల 2 నిమిషాలకు ఈ ప్రాంతం మీద, నేలకు సుమారు 500 మీటర్ల ఎత్తులో బాంబు పేలింది. ఆ ఏడాది చివరికి చనిపోయినవాళ్ళు సుమారు 74 వేల మందని నగరం అంచనా. మ్యూజియంలో ఒక గోడ గడియారం ఉంది. చట్రం విరిగిపోయి, ముళ్ళు 11:02 దగ్గర ఆగిపోయి ఉంటాయి. ఉరకామి తరతరాలుగా కేథలిక్కుల పేట. ప్రభుత్వం నిషేధించిన రెండు శతాబ్దాలకు పైగా రహస్యంగా మతం నిలుపుకున్న కుటుంబాలవి. మ్యూజియంలో వాళ్ళ జపమాలలు కరిగి ముద్దయినవి చూస్తాం. బయటికొస్తే నాలుగడుగుల దూరంలో పేలుడు కేంద్రాన్ని గుర్తుచేసే నల్లరాతి స్తంభం. ఇంకాస్త ముందుకెళ్తే శాంతి వనం, అక్కడ కుడిచేయి ఆకాశం వైపూ ఎడమచేయి అడ్డంగానూ చాపిన పెద్ద విగ్రహం.

ఈ మొత్తానికి రెండున్నర గంటలైనా ఇవ్వాలి. చాలా బస్సు టూర్లు ఇక్కడికి కేటాయించేది దీనికన్నా బాగా తక్కువ. మ్యూజియంలో చదవాల్సినవి చాలా ఉన్నాయి, చదివాక కాసేపు కూర్చోవాలనిపిస్తుంది. గైడ్ జెండా వెనకాల నడుస్తూ చూడాల్సిన చోటు కాదిది. ఓడ టూర్లకు నేను వ్యతిరేకిని కాను, కానీ నాగసాకిలో మాత్రం సొంతంగా వెళ్ళండనే చెబుతాను.

పన్నెండున్నరకు వెనక్కి ట్రామ్. చైనాటౌన్‌లో భోజనం, పక్కనే దెజిమా. బయటి ప్రపంచానికి జపాన్ దాదాపుగా తలుపులు మూసిన కాలంలో, 1641 నుంచి రెండు వందల ఏళ్ళకు పైగా డచ్ వర్తకులను ఉంచిన చిన్న కృత్రిమ దీవి ఇది. ఇప్పుడు చుట్టూ నేల పూడ్చేయడంతో ఊళ్ళో కలిసిపోయింది. రెండున్నరకు రేవు పక్కనే ఉన్న ఓవురా చర్చికీ గ్లోవర్ గార్డెన్‌కూ వచ్చేస్తాం. గార్డెన్ కొండ మీద ఉన్నా పెద్దవాళ్ళు భయపడక్కర్లేదు, కదిలే మెట్లూ ఏటవాలు లిఫ్టూ ఉన్నాయి. అక్కడి నుంచి కిందికి చూస్తే మన ఓడ కనిపిస్తూనే ఉంటుంది. దిగి నడిస్తే పది, పదిహేను నిమిషాలు. ఇక్కడ ఆలస్యం కావాలన్నా కష్టమే.

కోబె నుంచి క్యోటో: అవుతుంది కానీ...

ఇప్పుడు ఎదురు ఉదాహరణ. ఓడ కోబెలో ఆగింది, మనసు క్యోటోలో ఉంది. రేవు టెర్మినల్ నుంచి పోర్ట్ లైనర్ అనే చిన్న రైలు నేరుగా సన్నోమియా స్టేషన్‌కు తీసుకెళ్తుంది. ఎక్కాక అయిదు నిమిషాలే. అక్కడి నుంచి జేఆర్ (జపాన్ రైల్వేస్) స్పెషల్ ర్యాపిడ్ రైల్లో క్యోటోకు సుమారు 50 నిమిషాలు. టికెట్లు, ప్లాట్‌ఫారం వెతుక్కోవడం, రైలు కోసం ఆగడం కలిపితే తొమ్మిదింటికి రేవు దాటినవాళ్ళు పదిన్నరకు క్యోటో స్టేషన్లో దిగుతారు. మూడున్నరకు రేవులో ఉండాలంటే రెండుకల్లా తిరుగు రైలెక్కాలి. చేతిలో మూడున్నర గంటలు.

మూడున్నర గంటల్లో ఏం కుదురుతుంది? ఫుషిమి ఇనారి కుదురుతుంది. ఎర్రటి తోరణాలు వేలకొద్దీ వరసగా ఉండే కొండ అది. క్యోటో స్టేషన్ నుంచి లోకల్ రైల్లో అయిదు నిమిషాలు, దిగితే ఎదురుగానే గుడి. పైదాకా ఎక్కి దిగాలంటే రెండు గంటలకు పైనే. సగం ఎక్కి వెనక్కి వచ్చినా తోరణాల మధ్య నడిచిన తృప్తి ఉంటుంది. కిన్‌కకుజి బంగారు మండపం నగరానికి మరో మూల ఉంది, స్టేషన్ నుంచి సిటీ బస్సులో వెళ్ళడానికే 40 నిమిషాలు, రద్దీ రోజుల్లో ఇంకా ఎక్కువ. ఈ రెండూ, పైగా కియొమిజు గుడి కూడా ఒకే రోజులో అనుకుంటే రోజంతా బస్సు కిటికీలోంచి చూడటమే అవుతుంది.

ఓడ కంపెనీ క్యోటో టూర్ ఇక్కడ కొంత మెరుగు. బస్సు రేవులోనే ఎదురుచూస్తుంది, గుడి దగ్గర దింపుతుంది, పైన చెప్పిన గంట అదనపు జాగ్రత్త అక్కర్లేదు. కానీ బస్సూ అదే హైవే మీద వెళ్ళాలి. రోజంతా టూర్ అన్నదాంట్లో రెండు మూడు గంటలు సీట్లోనే గడుస్తుంది. తీర్థయాత్రలా రెండు ముఖ్యమైనవి చూస్తే చాలనుకునేవాళ్ళకు అదే సరైనది. మళ్ళీ జపాన్ రావడం కుదరదనుకునే పెద్దవాళ్ళకు క్యోటోలో ఒక్క గుడి చూసినా గొప్పే. ఆ కోరికను సమయం వృథా అని కొట్టిపారేయడం సరికాదు.

ఇంకో దారి కూడా ఉంది, కోబెలోనే ఉండిపోవడం. మెరికెన్ పార్కులో 1995 జనవరి 17 భూకంపానికి విరిగిన రేవుగట్టు ముక్కను అలాగే ఉంచేశారు. కుంగిన రాళ్ళు, పక్కకు ఒరిగిన దీపస్తంభాలు నీటిలోకి వంగి కనిపిస్తాయి. ఆ భూకంపంలో ఆరు వేలకు పైగా జనం చనిపోయారు. కొండవైపు కితానో పేటలో 1935లో కట్టిన మసీదు ఉంది, జపాన్‌లో మొదటిది. కాస్త దూరంలో జైన దేవాలయం. మన దేశపు వర్తకులు ఇక్కడికి రావడం వెనక యోకొహామా కథ ఉంది. 1923 కాంతో భూకంపంలో యోకొహామా నేలమట్టమయ్యాక అక్కడి భారతీయ వ్యాపారులు చాలామంది కోబెకు తరలివచ్చారు. ఆపదలో తమను ఆదుకున్న యోకొహామా ప్రజలకు కృతజ్ఞతగా 1930ల చివర్లో భారతీయులు కట్టించిన నీటి మండపం యామాషితా పార్కులో ఇప్పటికీ ఉంది. ఓసాన్‌బాషి రేవు నుంచి నడిచి వెళ్ళేంత దగ్గర. ఆ రేవులో దిగే తెలుగువాళ్ళు దాని పక్క నుంచే తెలియక వెళ్ళిపోతారేమోనని ఇక్కడ చెబుతున్నాను.

ఫుజి, సకురజిమా: ప్రకృతి ఒప్పుకుంటేనే

షిమిజు రేవు ప్రత్యేకత 3,776 మీటర్ల ఫుజి పర్వతం. ఆకాశం తేటగా ఉంటే ఓడ డెక్ నుంచే కనిపిస్తుంది. వేసవిలో మబ్బు ఎక్కువ, శీతాకాలపు ఉదయాల్లో తేట ఎక్కువ. పర్వతం సగం ఎత్తులో ఉండే అయిదో మజిలీ దాకా బస్సులో వెళ్ళే టూర్లో రానూపోనూ నాలుగు గంటలు దారిలోనే పోవచ్చు. పైగా పర్వతం మీదికి వెళ్ళినవాళ్ళకు పర్వతం ఆకారం కనిపించదు. మిహో పైన్ తోపులోనో నిహోందైరా గుట్ట మీదో నిలబడితే, మబ్బు లేని రోజున ఫోటోల్లో చూసే ఫుజి ఎదురుగా ఉంటుంది. ఈ రెండూ రేవుకు దగ్గరే. ఏది కొన్నా ఫుజి కనిపించకపోతే డబ్బు వెనక్కి రాదు.

కగోషిమాలో ఎదురుగా సకురజిమా అగ్నిపర్వతం పొగలు కక్కుతూ ఉంటుంది. ఊళ్ళోని ఫెర్రీ రేవు నుంచి పావుగంటలో అవతల దిగొచ్చు. అది ఒకప్పుడు దీవి, 1914 విస్ఫోటనంలో పారిన లావా దాన్ని అవతలి ప్రధాన భూమికి కలిపేసింది. బూడిద ఊరి మీద పడటం అక్కడ మామూలే, దాన్ని ఊడ్చి వేయడానికి నగరపాలక సంస్థ పసుపురంగు సంచులు ఇస్తుంది.

ఓడ టూరా, సొంతంగానా: రెండు వైపులా న్యాయం ఉంది

ఓడ టూర్‌కు ఉన్న అతి పెద్ద బలం, బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఓడ దాని కోసం ఆగుతుంది. ఒకవేళ ఆగలేకపోతే ప్రయాణికులను తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత కంపెనీదే. తుపాను వల్ల ఓడ ఆ రేవుకే వెళ్ళకపోతే టూర్ డబ్బు తిరిగిస్తారు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఇది చిన్న విషయం కాదు, ఆ కాలంలో టైఫూన్ల వల్ల రేవులు రద్దవడం, తారుమారవడం జరుగుతూనే ఉంటుంది. బయట కట్టిన అడ్వాన్సు మాత్రం వాళ్ళ షరతులను బట్టి ఉంటుంది.

ధర ఎక్కువన్నదే ప్రధాన ఫిర్యాదు. అదే చోటికి రైల్లో వెళ్తే అందులో చిన్న భాగమే ఖర్చవుతుందన్నది నిజమే. కానీ ఆ ధరలో స్థానిక టూర్ కంపెనీ, ఇంగ్లీషు తెలిసిన గైడ్, అద్దె బస్సు, ఓడ కంపెనీ లాభం అన్నీ ఉంటాయి. జపాన్‌లో బస్సు డ్రైవర్ల కొరత తీవ్రంగా ఉంది. 2024 ఏప్రిల్ నుంచి డ్రైవర్ల ఓవర్‌టైమ్ మీద, విశ్రాంతి వేళల మీద నిబంధనలు కఠినమయ్యాయి. అలిసిపోయిన డ్రైవరు బస్సు నడపకూడదన్నది మంచి నిబంధనే, దాని ఖర్చు మాత్రం టికెట్లో కనిపిస్తుంది. ఒక చిన్న రేవులో ఒకే రోజు నలభై బస్సులు కావాలంటే దొరకవు. టూర్లు ముందే నిండిపోవడానికి ఇదీ ఒక కారణం.

సొంతంగా వెళ్ళాలనేవాళ్ళ వాదనకూ బలముంది. జపాన్ రైళ్ళు నిమిషం తప్పవు, బోర్డులు ఇంగ్లీషులోనూ ఉంటాయి, సుయికా లాంటి కార్డు ఒకటి ఉంటే చాలా నగరాల్లో రైలుకూ బస్సుకూ పనికొస్తుంది. నచ్చిన చోట గంట కూర్చోవచ్చు, నచ్చకపోతే వెళ్ళిపోవచ్చు. అయితే ఆ రైళ్ళు కూడా గాలివానకో, చిన్న భూకంపానికో, పట్టాల మీద ప్రమాదానికో ఆగుతాయి. అలాంటి రోజు ఒక్కటి వచ్చినా ఓడ మన కోసం ఆగదు.

ఓడ తప్పిపోతే ఏమవుతుంది? ప్రయాణికుడు రాలేదని తేలితే సాధారణంగా సిబ్బంది అతని గదిలో పాస్‌పోర్టు కోసం చూసి, దొరికితే రేవులోని ఏజెంట్‌కు ఇచ్చి వెళ్తారు. తర్వాతి రేవుకు మన ఖర్చుతో మనం చేరుకోవాలి. అది జపాన్‌లోనే ఉంటే రైలు ఖర్చుతో పోతుంది. బుసాన్ అయితే విమానం, కొరియా వీసా. విదేశీయులు పాస్‌పోర్టును ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలన్నది జపాన్ చట్టం కాబట్టి, ఓడవాళ్ళు వేరే పత్రం ఇస్తే తప్ప దాన్ని వెంట తీసుకెళ్ళడమే సరి.

నేనైతే దూరాన్ని బట్టి నిర్ణయిస్తాను. చూడాల్సింది రేవుకు అరగంట లోపు ఉంటే సొంతంగా, గంట దాటితే ఓడ టూర్. మధ్యలో ఉన్నవాటికి వెంట ఎవరున్నారన్నదే ముఖ్యం. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని సన్నోమియా స్టేషన్ మెట్ల మీద పరుగెత్తించి మిగుల్చుకున్న డబ్బుకు విలువ లేదు.

బుసాన్ ఎందుకు మధ్యలో వస్తుంది, దానికీ వీసాకూ సంబంధమేంటి

అంతా జపాన్ చూడటానికే అయినప్పుడు మధ్యలో ఒక కొరియా రేవో తైవాన్ రేవో ఎందుకుంటుంది? దీని వెనక 1899 నాటి జపాన్ నౌకల చట్టం ఉంది. ప్రత్యేక అనుమతి లేకుండా విదేశీ జెండా ఉన్న ఓడ జపాన్‌లో ఒక రేవు నుంచి ఇంకో రేవుకు ప్రయాణికులను మోయకూడదు. మనకు తెలిసిన పెద్ద క్రూజ్ కంపెనీల ఓడలన్నీ విదేశీ జెండావే. ఒక విదేశీ రేవును తాకితే అది అంతర్జాతీయ ప్రయాణం అవుతుంది. జపాన్ జెండా ఉన్న ఆసుకా లాంటి ఓడలకు ఆ అవసరం లేదు.

ఇక్కడే భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు చిక్కు. యోకొహామాలో ఎక్కి, బుసాన్ వెళ్ళి, మళ్ళీ జపాన్ వస్తే చట్టం దృష్టిలో జపాన్ వదిలి తిరిగి ప్రవేశించినట్టు. భారత్‌లో ఉండే మనవాళ్ళకు ఇస్తున్న పర్యాటక ఈ-వీసా ఒక్క ప్రవేశానికే. కాబట్టి ఇలాంటి ప్రయాణాలకు క్రూజ్ కంపెనీలు సాధారణంగా మల్టిపుల్ ఎంట్రీ వీసా అడుగుతాయి. పిల్లలకు అమెరికా పౌరసత్వం ఉండి వీసా అక్కర్లేకపోయినా అమ్మానాన్నలకు కావాలి. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకూ అంతే, అమెరికా వీసా జపాన్‌లో చెల్లదు.

ప్రయాణం జపాన్ బయట, ఉదాహరణకు సింగపూర్‌లోనో హాంకాంగ్‌లోనో మొదలై మధ్యలో జపాన్ రేవులు తాకి వెళ్ళిపోతే పరిస్థితి వేరు. 2015 నుంచి అమల్లో ఉన్న పద్ధతి ప్రకారం ప్రభుత్వం గుర్తించిన క్రూజ్ ఓడల ప్రయాణికులకు, అదే ఓడలో తిరిగి వెళ్ళే షరతు మీద, వీసా లేకుండానే దిగే అనుమతి ఇస్తారు. ఇలా దిగినవాళ్ళు ఓడ తప్పిపోతే ఆ షరతే తప్పినట్టవుతుంది. వాళ్ళు మిగతావాళ్ళ కన్నా గడియారం మీద ఎక్కువ కన్నేయాలి. తమ ఓడకు ఏది వర్తిస్తుందో టికెట్ కొనేముందే కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవడం అవసరం.

చేతి సంచిలో ఏముంది

ఓడలోని తిండిని ఒడ్డుకు తీసుకెళ్ళకూడదు. మాంసం, పండ్ల విషయంలో జపాన్ చాలా కఠినం. ఇంటి నుంచి తెచ్చుకున్న చికెన్ పచ్చడీ గోంగూర మటనూ కూడా ఈ నిషేధంలోకే వస్తాయి. శాకాహారులకు ఇంకో ఇబ్బంది. కూరగాయలే కనిపించే ఉడాన్ నూడుల్స్ గిన్నెలోనూ, మిసో సూప్‌లోనూ ఎక్కువగా ఎండు చేపతో కాచిన రసం ఉంటుంది. కోబె, యోకొహామా, టోక్యోల్లో భారతీయ హోటళ్ళు తేలికగా దొరుకుతాయి. చిన్న రేవుల్లో ఉదయం ఓడలో కడుపునిండా తిని దిగి, తిరిగొచ్చాక తినడం తేలిక.

దిగేవాళ్ళు మూడు వేలు, ఊరి జనం ముప్పై మూడు వేలు

క్రూజ్ రాకను జపాన్ ఊళ్ళు ఎలా చూస్తున్నాయి? స్వాగతించే ఊళ్ళు చాలా ఉన్నాయి. కనజావా 2020లో కొత్త టెర్మినల్ కట్టుకుంది. ఎన్నో రేవుల్లో స్కూలు పిల్లల బ్యాండూ డోలు వాయిద్యాలూ పెట్టి ఓడను సాగనంపుతారు. మరోవైపు, ఓడ ప్రయాణికులు రాత్రి బస చేయరు, భోజనం ఓడలోనే, అయిదారు గంటలు రోడ్లనూ టాక్సీలనూ నింపేసి వెళ్ళిపోతారన్న అసంతృప్తీ ఉంది. జపాన్‌కు ఓడల్లో వచ్చిన విదేశీయుల సంఖ్య 2017లో 25 లక్షలు దాటింది. ఆ రోజుల్లో చైనా నుంచి క్యుషు దీవికి వచ్చిన చవక క్రూజ్‌ల్లో ఒడ్డు టూర్ దాదాపు ఉచితం. బస్సులు మాత్రం కమిషన్ ఇచ్చే డ్యూటీ ఫ్రీ షాపుల దగ్గర ఆగేవి. ఊరి వీధిలో దుకాణం పెట్టుకున్నవాళ్ళకు రద్దీ మిగిలేది, బేరం దక్కేది కాదు.

జపాన్ సముద్ర తీరంలోని సకాయ్‌మినాతో జనాభా సుమారు 33 వేలు. మూడు వేల మంది దిగితే ఊళ్ళో పదోవంతు ఒకేసారి చేరినట్టు. ఓడ టూర్లు ఎక్కువగా వెళ్ళేది పక్క ప్రిఫెక్చర్‌లోని అదాచి మ్యూజియం తోటకూ, మాత్సుయె కోటకూ. రెండూ చూడదగ్గవే, కానీ బస్సులు ఊరి మీదుగా వెళ్ళిపోతాయి. ఊళ్ళోనే సుమారు 800 మీటర్ల మిజుకి షిగేరు వీధి ఉంది. ఈ ఊళ్ళో పెరిగిన ఆ మాంగా (జపాన్ కామిక్స్) చిత్రకారుడు గీసిన దెయ్యాలూ భూతాలూ 170కి పైగా కంచు విగ్రహాలై దారి పొడవునా నిలబడి ఉంటాయి. కొన్ని మోకాలి ఎత్తు కూడా ఉండవు, వంగి చూడాలి. షటిల్ బస్సులో అక్కడికి వచ్చినవాళ్ళు నడుస్తూ కాఫీ తాగుతారు, దెయ్యం బొమ్మ బన్నులు కొంటారు, చేపల దుకాణంలో పీత తింటారు. అదే ఓడ, అదే రోజు. ఎవరు ఏ టూర్ ఎంచుకున్నారన్నదాన్ని బట్టి ఆ సాయంత్రానికి ఊరికి మిగిలేది మారిపోతుంది.